మట్టి మనుషులకు జ్ఞానం అక్కర్లేదా?

ఈ సంచికకు ఆదిమ క్రైస్తవ గ్రంథాల మీద వ్యాసం రాస్తానని చెప్పగానే హాస్టల్లో నా పక్క మంచం మిత్రుడు పెద్దగా నవ్వాడు. "కెమిస్ట్రీ చదివేవాడివి, రైతు బిడ్డవి. ఏ ఎరువుల గురించో రాసుకోరాదూ? ఆ మతం గొడవంతా నీకెందుకురా?" అన్నాడు. వాడు వేళాకోళానికి అన్నా ఆ మాటలో నిజం ఉంది. నేను చెప్పబోయే కథ ఎరువుతోనే మొదలవుతుంది మరి!

1945 డిసెంబరు నెల. ఎగువ ఈజిప్టులో నైలు నది ఒడ్డున నాగ్ హమ్మాది అనే పట్టణం ఉంది. దానికి దగ్గరలోని జబల్ అల్ తారిఫ్ అనే కొండ కింద కొందరు రైతులు మట్టి తవ్వుకుంటున్నారు. ఆ మట్టిని అక్కడి వాళ్ళు 'సబఖ్' అంటారు. నత్రజని ఎక్కువగా ఉండే మన్ను. మన పల్లెల్లో పాడుబడ్డ ఊరి దిబ్బల నుంచి పాటిమన్ను బళ్ళకెత్తి చేలకు తోలే వాళ్ళం కదా, దాదాపు అలాంటిదే. అలా తవ్వుతూ ఉండగా మహమ్మద్ అలీ అల్ సమ్మాన్ అనే రైతుకు మూతి మూసిన పెద్ద జాడీ ఒకటి తగిలింది. పగలగొడదామంటే లోపల భూతం ఉందేమోనని భయం. వదిలేద్దామంటే బంగారం ఉందేమోనని ఆశ! చివరికి ఆశే గెలిచింది. జాడీ పగిలింది. లోపల భూతమూ లేదు, బంగారమూ లేదు. తోలు అట్టలు వేసిన పాత పుస్తకాలున్నాయి.

వాటిని ఇంటికి తెచ్చి పొయ్యి దగ్గర గడ్డి మీద పడేశాడట. వాళ్ళమ్మ గడ్డితోపాటు కొన్ని ఆకులు కూడా పొయ్యిలో పెట్టిందట. 'అట' అని ఎందుకంటున్నానంటే, ఈ కథను ఆ రైతు చెప్పగా పండితులు వివరంగా రాసుకున్నది దాదాపు ముప్పై ఏళ్ళ తరువాత. అందులో ఎంత నిజమో, ఎంత కల్పనో అని ఈమధ్య కాలంలో కొందరు పండితులు సందేహం వెలిబుచ్చారు. కథ సంగతి ఎలా ఉన్నా పుస్తకాలు మాత్రం నిజం. అవి ఇప్పుడు కైరో నగరంలోని కోప్టిక్ మ్యూజియంలో ఉన్నాయి.

మొత్తం పదమూడు పుస్తకాలు. పదమూడోది పూర్తి పుస్తకం కాదు, మరొక దాని అట్టలో దోపిన కొన్ని ఆకులు మాత్రమే. అన్నిటిలో కలిపి 52 రచనలు. గ్రీకులోంచి ఈజిప్టువాళ్ళ కోప్టిక్ భాషలోకి అనువదించినవి. అట్టలు గట్టిపడటానికి లోపల అతికించిన చిత్తు కాగితాల్లో 341, 346, 348 అనే సంవత్సరాలు దొరకడంతో, పుస్తకాలు కట్టింది నాలుగో శతాబ్దంలో అని తేలింది. ఇన్ని వందల ఏళ్ళు దాగి ఉన్న ఈ పుస్తకాలు ఎవరివి? జ్ఞానవాదులవి. ఇంగ్లీషులో వాళ్ళను గ్నోస్టిక్కులంటారు.

గ్నోసిస్ అంటే గ్రీకులో జ్ఞానం. మన జ్ఞానం, వాళ్ళ గ్నోసిస్, ఇంగ్లీషు వాడి 'నో' ఒకే మూలం నుంచి పుట్టిన మాటలని భాషాశాస్త్రం చెబుతుంది. క్రీస్తు తరువాత రెండు, మూడు శతాబ్దాల్లో క్రైస్తవుల్లోనే ఇలాంటి బృందాలు అనేకం ఉండేవి. అందరి మాటా ఒక్కటి కాకపోయినా చాలామంది చెప్పిన సారాంశం ఇది. ఈ లోకాన్ని చేసినవాడు పరమాత్మ కాదు. ఒక తక్కువ స్థాయి శిల్పి. తన పైన ఎవరూ లేరని భ్రమపడ్డవాడు. ఈ మట్టి శరీరం ఒక చెరసాల. అయితే కొందరిలో పైలోకపు వెలుగురవ్వ ఒకటి చిక్కుకొని ఉంది. ఆ సంగతి తెలుసుకోవడమే జ్ఞానం. తెలుసుకున్నవాడికే విడుదల. క్రీస్తు వచ్చింది ఆ సంగతి గుర్తు చేయడానికే.

ఈ కన్నుతో చూస్తే బైబిలు మొత్తం మరో పుస్తకంగా మారిపోతుంది. ప్రతి మాటకూ పైకి ఒక అర్థం, లోపల ఒక అర్థం. ఆదికాండంలో హవ్వకు పండు చూపించిన పాము సంగతి చూడండి. మనకు అది మోసగత్తె. కాని నాగ్ హమ్మాదిలో దొరికిన 'సత్య సాక్ష్యం' అనే రచనలో పామే తెలివిగలది. మనిషికి తెలివి రాకూడదని అడ్డుపడ్డవాడు ఏపాటి దేవుడని ఆ రచయిత నిలదీస్తాడు! నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఇరుగు పొరుగు మధ్య పెరిగిన నాకు ఈ మాట చదివినప్పుడు ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది.

అలాగే యాకోబు బావి దగ్గరి సమరయ స్త్రీ. రెండో శతాబ్దంలో హెరాక్లియోన్ అనే జ్ఞానవాది యోహాను సువార్తకు వ్యాఖ్యానం రాశాడు. క్రొత్త నిబంధనలోని ఒక గ్రంథానికి మనకు తెలిసిన మొట్టమొదటి వ్యాఖ్యానం అదే. పుస్తకం పోయింది. ఓరిజెన్ అనే పండితుడు ఖండించడానికి ఎత్తి రాసుకున్న ముక్కలు మిగిలాయి. హెరాక్లియోన్ దృష్టిలో ఆ బావి నీళ్ళు త్వరగా ఇంకిపోయే లౌకిక జీవితం. ఆమె క్రీస్తు దగ్గర వదిలి వెళ్ళిన కుండ మట్టికుండ కాదు, జీవాన్ని అందుకోగల మనసు. ఎంత అందంగా చెప్పాడో చూడండి! బిందెతో నీళ్ళు మోసే ఆడవాళ్ళను రోజూ చూసిన నాకు ఆ వాక్యం వెనుక ఇంత లోతు ఉండవచ్చునని ఎప్పుడూ తట్టలేదు.

నిజం ఒప్పుకోవాలి. రెండో ఏడాది సెలవుల్లో వీటి అనువాదాలు దొరికినవల్లా చదివాక నాకు మత్తెక్కినట్టయింది. ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఇంతకంటే ఇష్టమైన సిద్ధాంతం ఏముంటుంది? ప్రశ్నించడం తప్పు కాదు అంటుంది. తెలుసుకోవడమే మోక్షం అంటుంది. ఆడవాళ్ళ మాటకు కూడా విలువ ఇస్తుంది. 1896లో కైరోలో కొన్న మరొక పాత పుస్తకంలో 'మరియ సువార్త' అనే రచన ఉంది. అందులో మరియ తనకు తెలిసిన సంగతి చెబితే, ఒక ఆడదానికి ఆయన మనకు చెప్పనివి చెప్పాడా అని పేతురు మండిపడతాడు. అప్పుడు లేవి అనే శిష్యుడు పేతురును మందలిస్తాడు. ఇవన్నీ చదువుకొని, లోకంలో మరెవరికీ తెలియని రహస్యం నాకొక్కడికే తెలిసిందన్నంత గర్వంతో ఇంటికి వెళ్ళాను.

మాది పల్నాటి వైపు ఒక చిన్న పల్లె. ఆదివారం చర్చికి వెళ్ళే రైతు కుటుంబం. అమ్మ అయిదో తరగతి దాకా చదివింది. బైబిల్లో మాటలు కూడబలుక్కుని చదువుతుంది. ఆ ఆదివారం అయ్యగారు విత్తువాడి ఉపమానం మీద మాట్లాడారు. దారి పక్కన పడ్డ విత్తనాలు పిట్టలు తిన్నాయి, రాతినేలన పడ్డవి మొలిచి మాడిపోయాయి, ముళ్ళల్లో పడ్డవి అణిగిపోయాయి, మంచి నేలన పడ్డవి పండాయి. ఈ కథ అందరికీ తెలిసిందే. తిరిగి వస్తూ దారిలో నేను ఉండబట్టలేక అమ్మకు నా పాండిత్యమంతా వినిపించాను. "మీరంతా పై అర్థమే వింటారమ్మా. దీనికి లోపలి అర్థం వేరే ఉంది. మనుషుల్లో మూడు రకాలుంటారు. కొందరు పుట్టుకతోనే వెలుగు ఉన్నవాళ్ళు. కొందరు మధ్యరకం. కొందరు ఉత్త మట్టి. ఆ మట్టివాళ్ళకు ఎంత చెప్పినా ఎక్కదు. వాళ్ళ నేల స్వభావమే అంత" అన్నాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత నడుస్తూనే అంది: "అయితే మన రాళ్ళచేను సంగతేందిరా మరి?"

అంతే అంది. నేను నోరు మూసుకున్నాను.

రాళ్ళచేను గురించి పాఠకులకు చెప్పాలి. మా తాత చేతికి వచ్చినప్పుడు ఆ చేలో నాగలి దిగేది కాదట. అన్నీ పలకరాళ్ళు. ఊరంతా నవ్వారట. తాత, నాయనమ్మ, తరువాత మా నాన్న, అమ్మ దాదాపు రెండు తరాలు ఎండలు ముదిరే లోపల తట్టలతో రాళ్ళు ఏరి గట్టు మీద పోశారు. చెరువుమట్టి తోలారు. గొర్రెల మందను ఆపారు. ఇవాళ ఆ గట్టు నడుము ఎత్తున ఉంటుంది. దాని పక్కన మిరప పండుతుంది. నేను కాలేజీకి కట్టిన ఫీజుల్లో కొంత ఆ రాళ్ళచేనుదే! రాతినేల ఎప్పటికీ రాతినేలే అని పుస్తకంలో చదివి వచ్చి ఆ రాళ్ళు మోసిన మనిషికే చెప్పాను. ఇంతకంటే అజ్ఞానం ఉంటుందా?

నేను అమ్మకు చెప్పిన మూడు రకాల మాట నా కల్పన కాదు. ఈజిప్టులో పుట్టి రెండో శతాబ్దం మధ్యలో రోము నగరంలో బోధించిన వాలెంటినస్ అనే జ్ఞానవాది శిష్యుల సిద్ధాంతమని దాన్ని చెబుతారు. ఆత్మ కలవాళ్ళు, ప్రాణం కలవాళ్ళు, ఉత్త పదార్థం అయినవాళ్ళు. ఈ మూడోవాళ్ళకు 'మట్టివాళ్ళు' అనే అర్థం వచ్చే గ్రీకు మాట కూడా ఉంది. మొదటివాళ్ళకు స్వభావం చేతనే రక్షణ. రెండోవాళ్ళు ఎటైనా వెళ్ళవచ్చు. మూడోవాళ్ళకు స్వభావం చేతనే నాశనం. ఆదాము ముగ్గురు కొడుకులూ ఈ మూడు రకాలకు గుర్తులట. షేతు ఆత్మకు, హేబెలు ప్రాణానికి, కయీను మట్టికి. కయీను వృత్తి ఏమిటో బైబిలు చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. సేద్యం! హంతకుడు కాబట్టి మట్టి అన్నారో, దున్నేవాడు కాబట్టి మట్టి అన్నారో నాకు తెలియదు గాని, ఆ పేజీ చదివినప్పుడు నా ఒంటికి అంటిన మన్ను నాకు కనబడింది.

న్యాయానికి ఇంకో పక్క కూడా చెప్పాలి. ఈ లెక్కను మనకు అందించినవాళ్ళలో ముఖ్యుడు ఐరేనియస్. లియోన్ నగర బిషప్. దాదాపు 180 ప్రాంతంలో జ్ఞానవాదుల్ని ఖండిస్తూ అయిదు సంపుటాలు రాసినవాడు. ప్రత్యర్థి చెప్పిన మాటను ఉన్నదున్నట్టు నమ్మడం ఎలా అని కొందరు పండితులు అడుగుతారు. ఆ ప్రశ్న సబబైనదే. కాని నాగ్ హమ్మాది మొదటి పుస్తకంలోనే ఈ మూడు తెగల మనుషుల ప్రస్తావన ఉంది. అయితే అక్కడ ఒక మెలిక ఉంది. ఎవరు ఏ తెగో ముందు తెలియదనీ, ఫలాన్ని బట్టే తెలుస్తుందనీ ఆ రచయిత అంటాడు. ఈ మాటను మా నాన్న కూడా కాదనడు. పంట చూడకుండా చేను మీద తీర్పు చెప్పే రైతు ఎక్కడా లేడు.

ఇంకా విచిత్రమైనది ఒకటుంది. నాగ్ హమ్మాదిలో దొరికినవాటిలో అన్నిటికంటే పేరుపొందినది 'తోమా సువార్త'. క్రీస్తు చెప్పినవని 114 వాక్కులు అందులో ఉన్నాయి. మద్రాసు దగ్గరి కొండకు పేరిచ్చిన తోమాయే ఈ తోమా. దీని గ్రీకు తునకలు ఆక్సిరింఖస్ అనే ఈజిప్టు ఊరి చెత్తదిబ్బల్లో 1897లోనూ ఆ తరువాతా బయటపడ్డాయి. అవి ఏ పుస్తకానివో నాగ్ హమ్మాది పుస్తకం దొరికాక గాని తేలలేదు. రహస్య వాక్కులని చెప్పుకొనే ఈ పుస్తకంలో కూడా ఆవగింజ ఉపమానం ఉంది. మత్తయిలో ఆవగింజ పొలంలో పడుతుంది. మార్కులో భూమి మీద పడుతుంది. లూకాలో తోటలో పడుతుంది. తోమాలో మాత్రం 'దున్నిన నేల'లో పడినప్పుడు అని ఉంది! ఈ చిన్న తేడాను నాకు తెలిసిన ఏ రైతైనా వెంటనే పట్టుకుంటాడు. దున్నిన నేల అన్నామంటే ముందు దున్నని నేల ఉంది. దున్నినవాడు ఒకడున్నాడు. నేల మంచిదిగా పుట్టలేదు, మంచిదిగా మారింది. మనుషులు పుట్టుకతోనే విడిపోయారన్నవాళ్ళు దాచుకున్న జాడీలోనే మా అమ్మ వాదన కూడా ఉంది.

అయితే జ్ఞానవాదులు ఓడిపోవడం మంచిదే అయిందా? అలా కూడా అనలేను. 367లో అలెగ్జాండ్రియా బిషప్ అతనేసియస్ ఈస్టరు పండుగకు పంపిన ఉత్తరంలో క్రొత్త నిబంధనకు చేరిన 27 గ్రంథాల పేర్లు రాశాడు. ఇవాళ మా అమ్మ చేతిలో ఉన్నవి సరిగ్గా ఆ 27. మిగిలిన రహస్య గ్రంథాలను విసర్జించమన్నాడు. ఆ ఉత్తరం తరువాతే దగ్గరలోని మఠం సన్యాసులు ఈ పుస్తకాలను జాడీలో పెట్టి పాతిపెట్టారని కొందరి ఊహ. సమాధిలో శవంతోపాటు పెట్టినవి అయి ఉండవచ్చునని మరికొందరి ఊహ. ఏదైనా ఒక మాట నిజం. పదహారు వందల ఏళ్ళు ఆ మనుషుల గురించి లోకానికి తెలిసినది చాలావరకు వాళ్ళ శత్రువులు రాసిన మాటల ద్వారానే. ఒకరి మాట వాళ్ళ నోటి నుంచి వినకుండా తీర్పు చెప్పడం ఏ మతానికైనా, ఏ ప్రభుత్వానికైనా, ఏ కాలేజీ ఎన్నికలకైనా మంచిది కాదు. ఆ పాత పుస్తకాలు బయటికి వచ్చినందుకు నా మట్టుకు నాకు సంతోషం.

కాని రెండు వైపులా జరిగిన తప్పు ఒకటే అని నాకు తోస్తుంది. ఒకరు జ్ఞానాన్ని కొద్దిమందికే అని దాచారు. ఇంకొకరు జ్ఞానం ఇంతే అని గీత గీశారు. లూకా సువార్తలో క్రీస్తు ధర్మశాస్త్ర పండితుల మీద ఒక నింద వేస్తాడు. జ్ఞానపు తాళపుచెవి మీ దగ్గర పెట్టుకొని మీరూ లోపలికి పోలేదు, పోయేవాళ్ళనూ పోనివ్వలేదని. ఆ చోట గ్రీకులో ఉన్న మాట గ్నోసిస్సే! తోమా సువార్తలోనూ ఇదే నింద ఉంది. ఒప్పుకున్న పుస్తకమూ, తోసేసిన పుస్తకమూ రెండూ ఒకే మాట మీద నిలబడిన చోటు ఇది. దీనికి లోపలి అర్థం వెతకనక్కర్లేదు. పై అర్థమే చాలు.

సైన్సు విద్యార్థిగా నాకు ఇంకొకటి తోస్తుంది. దాదాపు 300 ప్రాంతంలో అదే ఎగువ ఈజిప్టులో పనోపొలిస్ పట్టణానికి చెందిన జోసిమస్ అనే ఒక రసవాది ఉండేవాడు. రసవాదం మీద పుస్తకాలు రాసి, ఆ రాతలు మనదాకా మిగిలిన తొలి రచయితల్లో ఒకడు. జ్ఞానవాదుల భావాలు ఒంటబట్టినవాడు. లోహాల మార్పు ఆయనకు ఆత్మ శుద్ధికి గుర్తు. బట్టీలు, ఆవిరి పాత్రల గురించి ఆయన రాసినవి ఇవాళ్టి మన లాబొరేటరీ వస్తువులకు తాతముత్తాతలు. ఐనా రసవాదం వందల ఏళ్ళు ముందుకు సాగలేకపోయింది. కారణాలు అనేకం. వాటిలో ఒకటి, ప్రతివాడూ తన పద్ధతిని సంకేతాల్లో దాచుకోవడం. మన కెమిస్ట్రీ అందుకు భిన్నం. ఎంత తూకం, ఎంత వేడి, ఎంతసేపు అన్నీ విప్పి రాయాలి. రాసినది చూసి లోకంలో ఏ మూల ఉన్నవాడైనా మళ్ళీ చేసి చూసి, తప్పయితే తప్పని చెప్పగలగాలి. సైన్సు గొప్పతనం తెలివిగలవాళ్ళు చేయడంలో లేదు, దాపరికం లేకుండా చేయడంలో ఉంది.

మరి మన కళాశాలలో సంగతి? ఆత్మవిమర్శ చేసుకుందాం. పరీక్షల ముందు మంచి నోట్సు దాచుకొనే మిత్రులు లేరా? తెలుగు మీడియం నుంచి వచ్చిన కుర్రవాడు క్లాసులో ప్రశ్న అడిగితే వెనుక బెంచీల్లో కిసుక్కున నవ్వేవాళ్ళం లేమా? ఒకరోజు నేనే నవ్వాను. ఒక ఏడాది ముందు నన్ను చూసి మరొకరు నవ్విన సంగతి మరచిపోయి! "వీడికి ఎంత చెప్పినా ఎక్కదు" అనే మాటను గురువుల నోట కూడా అప్పుడప్పుడు వింటుంటాం. పెద్దలు మన్నించాలి. ఆ మాట రెండో శతాబ్దపు మాట. నేలను నిందించే ముందు ఎన్ని సాళ్ళు దున్నామో లెక్క చూసుకోవాలి కదా! చదువుకున్నవాళ్ళందరం తెలియకుండానే మనుషుల్ని మూడు తెగలుగా విడదీస్తున్నాం. మనం మొదటి తెగ, మనలా కావాలనుకునేవాళ్ళు రెండో తెగ, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలు మూడో తెగ.

చివరగా నాన్న సంగతి చెప్పి ముగిస్తాను. నేను డిగ్రీలో చేరిన ఏడు నాన్న రోడ్డు పక్క ఎకరం అమ్మాడు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. నేనూ ఎత్తను. మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు చేలో మోటారు దగ్గర కూర్చొని నాన్నే అడిగాడు: "ఆ జాడీలో పుస్తకాల గురించి అమ్మకేదో చెప్పావంట. నాకూ చెప్పు." ఈసారి పాండిత్యం ఏమీ లేకుండా తోమా సువార్తలోని ఒక కథ చెప్పాను. ఒకాయన పొలంలో నిధి ఉంది. ఆయనకు తెలియదు. చనిపోతూ కొడుక్కు ఇచ్చాడు. కొడుక్కీ తెలియదు. అమ్మేశాడు. కొన్నవాడు దున్నుతుంటే నిధి బయటపడింది. వాడు ఆ డబ్బు తనకిష్టమైనవాళ్ళకు వడ్డీకి ఇవ్వసాగాడు. అంతటితో కథ అయిపోతుంది. నిధి అంటే లోపలి జ్ఞానమని పండితులు చెబుతారని కూడా చెప్పాను.

అమ్మేశాడు అన్నప్పుడు నా గొంతు కొంచెం తడబడింది. నాన్న గమనించాడో లేదో తెలియదు. పొలం వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. తరువాత ఇలా అన్నాడు: "దొరికిందంతా వడ్డీకే తిప్పాడా? ఊరికి ఒక బావైనా తవ్వించలేదూ?"

ఆ వాక్కు మీద పండితులు రాసిన వ్యాఖ్యానాలు నేను కొన్ని చదివాను. ఈ ప్రశ్న వాటిలో ఎక్కడా కనబడలేదు. ఇంకొక నాలుగు నెలల్లో నా చదువు పూర్తవుతుంది. ఎకరం పొలం ఇచ్చి కొన్న జ్ఞానం నా దగ్గర ఎంతో కొంత ఉంటుంది. దాన్ని వడ్డీకి తిప్పుతానో, బావి తవ్విస్తానో నాన్నకు నేనింకా జవాబు చెప్పలేదు.